రెండో బాయిలర్ దగ్గర ఖాళీ

జూలూరుపాడు దగ్గరి తండాలో పుట్టిన పూల్‌సింగ్ పదకొండేళ్లుగా అడవి అంచునున్న కాగితం మిల్లులో పనిచేస్తున్నాడు. జామాయిల్ దుంగలను ముక్కలు చేసే మిషన్ పక్కనే అతని డ్యూటీ. ఆ మోతకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా మందగిస్తుంటే భయపడి, షిఫ్టు దిగాక బాయిలర్ ఆపరేటర్ దూలయ్య దగ్గర పని నేర్చుకున్నాడు. దూలయ్య ఏమీ దాచుకోలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, పరీక్ష కూడా రాయించాడు.

2007లో మిల్లు ఆఫీసులో కొత్త కంప్యూటర్ ప్రోగ్రాం పెట్టారు. ఎవరికి ఏ పని వచ్చో ఎక్కిస్తే, మిల్లులో ఖాళీ పడ్డప్పుడు తగిన మనిషిని అదే చూపిస్తుందట. అప్పటిదాకా పని మార్పించమని యూనియన్ నాయకుల వెంట తిరిగి తిరిగి విసిగిన పూల్‌సింగ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆఫీసులో గుల్నాజ్ అనే అమ్మాయి అతని సర్టిఫికెట్ చూసి వివరాలు ఎక్కించింది.

“ఖాళీ పడితే నీ పేరే ముందొస్తదన్నా,” అంది.

ఏడాది దాటినా ఖాళీ పడలేదు.

మరుసటి ఎండాకాలం రెండో బాయిలర్ దగ్గర ఆవిరి వాల్వు పగిలింది. దూలయ్య చేతులు రెండూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. ఇక ఆ పనికి పనికిరాడని డాక్టర్ రాసిచ్చిన మూడో రోజే పూల్‌సింగ్‌కు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

గుల్నాజ్ కాగితం ముందుకు జరిపింది గానీ తలెత్తలేదు. “రెండో బాయిలర్. నువ్వే సరిపోతవని కంప్యూటర్ చూపెడుతుంది.”

“దూలయ్యన్నకేం చూపెట్టింది మేడం?”

“నాలుగుసార్లు ఎక్కించి చూసిన. చేతులతోని పనిలేని పోస్టు ఒక్కటి గూడ లేదంటుంది.”

పూల్‌సింగ్ సంతకం పెట్టకుండా ఖమ్మం దవాఖానాకు పోయాడు. దూలయ్య కట్లు కట్టిన చేతులను దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట కళ్లలోకి కారుతుంటే పూల్‌సింగ్ తుడిచాడు.

“పిలిచిండ్రా?” అడిగాడు దూలయ్య.

“అవ్ అన్నా. నేను పోను.”

“నువ్వు పోకుంటే బయటోన్ని తెస్తరు. పక్క వాల్వు గూడ కారుతుంది తమ్మీ. రెండుసార్లు రాసిచ్చిన, ఎవడు పట్టించుకోలె. జర దూరం నిలబడి చెయ్యి.”

సోమవారం పూల్‌సింగ్ డ్యూటీలో చేరాడు. మొదటి రోజే వాల్వు సంగతి రాసిచ్చాడు. వారం వారం రాసిస్తే, దసరా ముందు మార్చారు.

అప్పటికే దూలయ్యను ఉద్యోగం నుంచి తీసేసి సొంతూరు కారేపల్లికి పంపించేశారు. పూల్‌సింగ్ ప్రతి ఆదివారం వెళ్లేవాడు. మూడోసారి వెళ్లినప్పుడు దూలయ్య భార్య వాకిట్లోనే ఎదురొచ్చింది. అతని చేతిలోని పండ్ల సంచీ అందుకుంది.

“నిన్ను తప్పు పట్టేది లేదు తమ్మీ. నువ్వొచ్చి పోయినంక ఆయన రెండు దినాలు ముద్ద ముట్టడు. నేను తినిపియ్యబోతే మొఖం తిప్పుకుంటడు. ఇగ రాకు.”

లోపల దూలయ్య దగ్గు వినిపించింది. పూల్‌సింగ్ గడప దాటకుండానే తిరిగి బస్టాండు వైపు నడిచాడు. మళ్లీ కారేపల్లి పోలేదు.