నేను కనిపెట్టిన గీతలు

ఆ రోజుల్లో, అంటే ఫోన్ చేయాలంటే ఎస్టీడీ బూత్ దగ్గర వరసలో నిలబడే కాలంలో, నేను రాజమండ్రిలో ఎమ్మెస్సీ చదువుతూ ప్రపంచాన్ని మార్చే పనిలో ఉండేదాన్ని. (ప్రపంచానికి ఆ సంగతి తెలియదు.) గాజుపలక మీద పాలిమర్ ద్రావణాన్ని పల్చటి పొరగా పరచడం నా ప్రాజెక్టు. ఆ పాలిమర్ గొలుసులో రెండు సగాలకూ ఒకదానితో ఒకదానికి పడదు. అందుకని వాటంతట అవే విడివిడిగా వరసలు కడతాయి, కాకపోతే తలో దిక్కుకీ. చిటికెడు నానో కణాలు కలిపితే అవి దారి చూపించి అన్నిటినీ ఒకేవైపు తిప్పుతాయని మా మాస్టారి నమ్మకం. ఆ వరసలు కనపడాలంటే హైదరాబాదులోని పెద్ద మైక్రోస్కోపు కావాలి. మాకు మూడు నెలలకోసారి ఒక్క సాంపిల్‌కే అవకాశం. అది నాదో, సీనియర్ అక్కదో ఆ శుక్రవారం తేలాలి. నాది వెళ్లకపోతే రిపోర్టులో రాసుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం మా కాలేజీ మైక్రోస్కోపు కింద నా పలక పెట్టి చూద్దును కదా, గీతలు! పక్కపక్కనే, అందంగా వంపు తిరిగి, ఎంత బుద్ధిగా ఉన్నాయో! "కనిపెట్టేశానండీ!" అని నేను పెట్టిన కేకకి పక్క గదిలోవాళ్లు కూడా వచ్చేశారు. మాస్టారు వచ్చి, కన్ను ఆనించి, చాలాసేపు చూశారు.

"నానో వరసలు ఇందులో కనపడతాయేంటమ్మా?"

"బాగా కుదిరాయేమోనండీ."

"ఏదీ, నీ బొటనవేలు చూపించు." వేలు చూసి, గీతలు చూసి, మళ్లీ వేలు చూసి, "పొద్దున్న ఏం తిన్నావ్?" అన్నారు.

పిన్ని ఆత్రేయపురం నుంచి పంపిన పూతరేకులు తిన్నాను. ఆ నేతి చేత్తోనే గాజుపలక పట్టుకున్నాను. నా పాలిమర్ నానో కణాలను లెక్కచెయ్యకుండా నేతి గీతల వెంటే పోయింది. అక్క నవ్వలేక బల్ల మీద వాలిపోయింది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

అది చూసి అక్కే లేచి, పలకని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "ఈ మూల వేలు తగల్లేదండి మాస్టారూ. ఇంతవరకు కోసి పంపేద్దాం. నాది వచ్చేసారి పంపుదురుగాని."

నెల తర్వాత ఫోటో వచ్చింది. మసక మసగ్గా నాలుగు వరసలు, అన్నీ ఒకేవైపు. ఈసారి నేను కేక పెట్టలేదు. రెండు రోజులు నమ్మనే లేదు. ఇప్పటికీ అంతే, ఏ ఫలితం వచ్చినా పదిసార్లు చూసుకుని, ఇంకా అనుమానంగానే చెబుతాను. మంచి అలవాటే. కానీ తన వేలిముద్ర చూసుకుని ప్రపంచాన్ని జయించేశాననుకున్న ఆ పిల్లంటే నాకు కాస్త అసూయగానే ఉంటుంది.