చాయిస్‌లో వదిలేసిన పాఠం

మా సోషల్ మాస్టారు పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేసేసరికి నేను రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాను. నిద్రలోనే పోయారట, బాధపడలేదట. ఆయనకి నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడేళ్లు గడిపేశాను. ఇక ఎవరికి చెప్పుకోను?

బెజవాడ గవర్నర్‌పేటలో హోల్‌సేల్ కొట్ల వెనక సందులో ఉండేది మా బడి. ఆటోల హారన్లకీ మాస్టారి గొంతుకీ రోజూ పోటీయే. జేబులో రంగు సుద్దలు వేసుకుని వచ్చేవారేమో, సాయంత్రానికి ఆ తెల్లచొక్కా చూడాలి! బోర్డు మీద ఏ దేశం పటం గీసినా చివర్న పక్కనెక్కడో ఒక చుక్క పెట్టి, “ఇదిగో, మనం ఇక్కడ” అనేవారు. జపాన్ గీసినా సరే, ఆ చుక్క ఉండాల్సిందే.

పదో తరగతి పరీక్షల ముందు ఆయన మా పుస్తకాల్లో పెన్సిల్ గుర్తులు పెట్టించారు. తప్పకుండా వచ్చేవి, రావచ్చనుకునేవి, చాయిస్‌లో వదిలేసేవి. మన దగ్గర పది చదివినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అగ్నిపర్వతాల పాఠం దగ్గరికి వచ్చేసరికి, “ఇది వదిలెయ్యండ్రా, బెజవాడ ఎండని మించిన అగ్నిపర్వతం మనకెక్కడుంది?” అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆ ప్రశ్న పరీక్షలో రాలేదు కూడా.

తర్వాత నేను రొయ్యల చెరువుల్లో టెక్నీషియన్‌నయ్యాను. ఇటువైపు నుంచి కొందరు వెళ్లినట్టే ఇండోనేషియా వెళ్లాను. కైకలూరు నుంచి వచ్చిన ఇంకో టెక్నీషియన్, నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లం. చెరువుల వెనకే పొగకక్కే కొండ. మొదట్లో ఫొటోలు తీసుకున్నాం, తర్వాత దానివంక చూడ్డమే మానేశాం. ఒకరోజు మధ్యాహ్నం అది పేలింది. పట్టపగలే లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. తెల్లారి చూస్తే మా రేకుల షెడ్డు మీద నాలుగు వేళ్ల మందాన బూడిద.

మన వాళ్లకి దుమ్ము కనబడితే చెయ్యి ఊరుకోదు కదా. గాలిదుమారం వెళ్లాక డాబా కడిగినట్టే, షెడ్డు కడిగేద్దామన్నాను నేను. నా గదిలో ఉండే మావాడు నిచ్చెన వేసుకుని పైకెక్కి పైపు పట్టుకున్నాడు. కింద మోటారు వేసింది నేను. అక్కడి వాచ్‌మన్ చేతులూపుతూ ఏదో అరిచాడు. నీళ్లు వృథా చేస్తున్నామని తిడుతున్నాడనుకున్నాను. తడిసిన బూడిద జారిపోలేదు, అడుసై అక్కడే కూర్చుంది. రేకులు వంగాయి. నేను మోటారు కట్టేసేలోపే షెడ్డు కూలిపోయింది, దాంతోపాటు మావాడూ. ప్రాణం దక్కింది గానీ ఎడమ మోకాలు మళ్లీ వంగలేదు.

ఇంటికొచ్చాక మాస్టారి దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పాను. అంతా అంటే అంతా కాదు. కడుగుదామన్నదెవరో, మోటారు వేసిందెవరో చెప్పలేదు. పైగా, “మీరే కదండీ మాస్టారూ, ఆ పాఠం చాయిస్‌లో వదిలెయ్యమన్నది” అన్నాను. సిగ్గులేని నోరు నాది. మజ్జిగ గ్లాసు నా ముందుకి జరిపి, “తాగి వెళ్లరా” అన్నారు.

ఆ వారమే ఆయన బస్సెక్కి కైకలూరు వెళ్లారు. మావాడి చేతులు పట్టుకుని, తప్పు నాదేనయ్యా అన్నారట. మోటారు సంగతి మావాడు చెప్పలేదు. నన్ను కాపాడాననుకున్నాడు పిచ్చి మారాజు.

అక్కణ్ణించి మాస్టారు బడులు పట్టుకు తిరగడం మొదలుపెట్టారు. కొండపల్లి వైపు బూడిద ఇటుకలు చేసేవాళ్ల దగ్గర బేసిన్ నిండా బూడిద అడిగి తెచ్చుకున్నారు. అట్టముక్కలతో ఇల్లు చేసి, దాని కప్పు మీద బూడిద పోసేవారు. నిలబడేది. చెంబుతో నీళ్లు పోసేవారు. కూలిపోయేది. ఇక్కడెందుకండీ ఇవన్నీ అని టీచర్లు నవ్వితే, పిల్లలు ఎప్పటికీ ఇక్కడే ఉంటారని మీకెవరు చెప్పారు అనేవారు.

కూచిపూడి దగ్గర ఒక బడికి ఆయన బేసిన్ నేనే మోశాను. బూడిద పడుతుంటే తలుపులు మూసుకుని లోపలే ఉండాలని చెప్పారు. బయటికి రాక తప్పకపోతే మంచి మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఖాళీ చెయ్యమంటే సామాన్లు చూసుకోకుండా వెళ్లిపోవాలి. ఏటి పక్కన ఉండకూడదు, వేడి బురద ఏటి దారినే ముంచుకొస్తుంది. కప్పు మీద బూడిదని దుమ్ము లేవకుండా కాస్త చిలకరించి పారతో తియ్యాలే గానీ పైపు పెట్టకూడదు. వాచ్‌మన్ అరుపు భాష రాకపోయినా వినాలి. ఆఖర్న, “ఇది చాయిస్ కాదు, రాసుకోండి” అన్నారు.

తిరుగు బస్సులో చెప్పేద్దామనుకున్నాను. ఆయన నా భుజం మీద తలవాల్చి నిద్రపోయారు. లేపడమెందుకులే అనుకున్నాను. అదే ఆఖరిసారి.

మూడో రోజు అస్థికలు ఏరడానికి కృష్ణ ఒడ్డుకి వెళ్లాం. మావాడు కూడా కర్ర ఊతంతో వచ్చాడు. మాస్టారి అబ్బాయి చితి మీద పాలు చల్లాడు. తర్వాత నీళ్ల చెంబు ఎత్తాడు. ఎప్పుడు ముందుకెళ్లానో తెలియదు, అతని మణికట్టు నా చేతిలో ఉంది. అందరూ నావంక చూశారు.

“పొయ్యనియ్యిరా” అన్నాడు మావాడు వెనక నుంచి.

చెయ్యి వదిలాను. “మోటారు వేసింది నేనండీ మాస్టారూ. కడుగుదామన్నదీ నేనే” అన్నాను, అందరి ముందూ. మాస్టారి అబ్బాయికి అర్థం కాలేదు. చెంబు వంచాడు. నీళ్లు పడ్డచోటల్లా బూడిద నల్లబడి, మెల్లగా కుంగిపోయింది.