టీచరు గారి పైవాళ్ళు

పోయిన ఆదివారం ఏలూరు చర్చిలో అయ్యగారు ప్రయాణాలలో ఉన్నవారి కొరకు ప్రార్థన చేస్తూ, కువైట్ వెళ్ళినవారిని, హైదరాబాదు బస్సెక్కినవారిని, ఆస్పత్రికి బయలుదేరినవారిని తలుచుకొని ముగించారు. అందరూ ఆమేన్ అన్నారు. నాది మాత్రం ఆలస్యమైంది. పక్కన కూర్చున్నాయన తిరిగి చూశాడు.

మా అక్క మండవల్లిలో సైన్సు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. మా చిన్నతనంలో చంద్రుడి మీద మనుషులు దిగారని రేడియోలో చెప్పినప్పుడు, మన ఈడువారికి గుర్తుండే ఉంటుంది, పెద్దవాళ్ళు సగం నమ్మి సగం నమ్మక వింటూ ఉంటే, అక్క మాత్రం వాళ్ళు తిరిగి వస్తారా అని అడిగింది. ఆ బెంగ తనకు జీవితాంతం ఉండిపోయింది. ఆ తర్వాత ఎవరు ఆకాశంలోకి వెళ్ళినా, దిగేవరకు, ఆదివారం ప్రార్థనలో లేచి నిలబడి ప్రయాణికుల వరుసలో వాళ్ళనూ చేర్చేది. పైవాడంటే దేవుడు కనుక, మండవల్లి సంఘంలో ఆడవాళ్ళు వీళ్ళకు పైవాళ్ళని పేరు పెట్టారు. చేపల చెరువు పనికి వెళ్ళే పక్కింటావిడ చర్చి మెట్ల మీదే ఆపి, "టీచరు గారండీ, మీ పైవాళ్ళు భోంచేశారాండీ?" అనేది. ట్యూబులోంచి పిండుకుని తిన్నారండీ అని అక్క నవ్వేది.

రెండువేల మూడులో నేను తాడేపల్లిగూడెంలో పనిచేస్తూ, శనివారాలు ఏలూరు మీదుగా కొల్లేరు దాటి అక్క దగ్గరకు వచ్చేవాణ్ణి. అలా వచ్చిన ఒక సాయంత్రమే, మన దేశపు అమ్మాయి ఎక్కిన అంతరిక్ష నౌక తిరిగి వస్తూ ముక్కలైపోయిందని, ఏడుగురూ పోయారని టీవీలో చూశాం. అక్క నాకు అన్నం పెట్టింది. తను తినలేదు.

మర్నాడు సంఘ పెద్ద అయిన మా బాబాయి గారు అక్కను చర్చి బయటే పక్కకు పిలిచి, మెత్తగానే, సంఘమంతా మోకరించి అడిగినా ఇలా అయ్యిందేమని పిల్లలు అడిగితే ఏం చెప్పమంటావని, ఇకమీదట ఆ మాట ప్రార్థనలో వద్దని చెప్పారు. అక్క లోపలికి వెళ్ళి తన చోట కూర్చుంది. ఊరుకుంటుందనే అనుకున్నాను. కానీ ప్రయాణాల వంతు వచ్చేసరికి లేచి నిలబడింది.

"పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళను ఆదరించు ప్రభువా. పైన స్పేస్ స్టేషన్లో ఇంకా ముగ్గురున్నారు. వాళ్ళు దిగాలి."

కాసేపు ఎవరూ ఆమేన్ అనలేదు. తర్వాత వెనక చాప మీంచి పక్కింటావిడ అంది. ఆ తర్వాత బాబాయి గారు కూడా అన్నారు.

ఎండాకాలంలో ఆ ముగ్గురూ వేరే దేశపు నౌకలో క్షేమంగా దిగారు. వాళ్ళకు బదులు ఇద్దరు ఎక్కారు. అక్క తన ప్రార్థనలో ముగ్గురిని ఇద్దరుగా మార్చుకుంది. అలా ఎక్కేవాళ్ళతో దిగేవాళ్ళతో తన ఆదివారాలన్నీ నడిచాయి.

అక్క పోయాక ఇది రెండో వర్షాకాలం. ఆ స్టేషను మన ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో ఇప్పుడు ఫోనే చెబుతుందట. మనుషులు వెళ్తూనే ఉన్నారు, వస్తూనే ఉన్నారు. ఆ వార్త పేపర్లో లోపలి పేజీకి పోయింది, నాకూ వెతికి చదివే ఓపిక లేదు. పైన ఇప్పుడు ఎంతమంది ఉన్నారో అక్కకైతే తెలిసి ఉండేది. అందుకని అయ్యగారు ముగించాక, అక్క లేచి నిలబడి ఆ మాట చెప్పడానికి పట్టేంత సేపు ఆగి, అప్పుడు ఆమేన్ అంటున్నాను.