బాటసింగారం దాకా ఒక ట్రయల్: రెండు జెట్లు, ఒక ఊపిరి పైపు

చలి మొదలైనప్పటి నుంచీ సూర్యాపేటకు బండి మీద వెళ్లాలని అనుకుంటున్నాను. నా భార్య సుగుణ అక్కడ ఉంది. ఆమె చెల్లెలు హైవే పక్కన చిన్న మెస్సు నడుపుతుంది. చెల్లెలి భర్త నిచ్చెన మీద నుంచి పడి నడుముకు దెబ్బ తగిలించుకుంటే, వంటకు సాయంగా పది రోజులని వెళ్లింది. అప్పటికి ఇంకా వానలు పడలేదు. రమ్మని నేను అడిగినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డం వచ్చేది. దసరా తర్వాత ఒకరోజు ఫోనులో నవ్వుతూ, "ఒస్తే బండి మీద రా. బస్సుల ఒస్తే నేను రాను" అన్నది. ఆమె తేలిగ్గానే అన్నది. నేను మాత్రం ఆ మాటను పట్టుకున్నాను. మా బండి మూడువందల యాభై సీసీ, కిక్కు కొట్టి లేపే పాత ఇనుప బండి. పెళ్లయిన కొత్తలో సెకండ్‌హ్యాండులో కొన్నాం. నూట ముప్పై కిలోమీటర్లు పోయి, ఆమెను వెనక ఎక్కించుకుని తిరిగి రావాలంటే ముందు బండి బాగుండాలి. అదేమో పొగ వదులుతోంది, పెట్రోలు తాగుతోంది, ఇంజన్ అతుకుల దగ్గర ఆయిలు చెమరుస్తోంది. పాత బండితో విజయవాడ రోడ్డు ఎక్కాలనుకునేవారికి పనికొస్తుందని, ఈ శనివారం బండి బాగు కోసం తిరిగిన దారంతా ఇక్కడ రాస్తున్నాను. రోజు ఖర్చు రోజు రాసుకునే అలవాటు ఉంది కాబట్టి ధరలు నమ్మవచ్చు.

తొమ్మిదిన్నరకు చంపాపేట్‌లో ఇంటి నుంచి బయలుదేరాను. స్పేర్ పార్టులు దొరికే దిల్‌సుఖ్‌నగర్ అక్కడికి దగ్గరే. ట్రాఫిక్ ఉన్నా ఇరవై నిమిషాలకు మించదు. గడ్డిఅన్నారం మీదుగా పోతే పాత పండ్ల మార్కెట్ ఉన్న వైపు కనిపిస్తుంది. మార్కెట్ అక్కడ ఉన్నన్నాళ్లు ఎండాకాలం తెల్లవారుజామున ఇద్దరం పోయి మామిడిపళ్లు తెచ్చుకునేవాళ్లం. తట్ట ఆమె ఒళ్లో ఉండేది. ఒక చేయి తట్ట మీద, ఒక చేయి నా భుజం మీద. మార్కెట్ బాటసింగారం పోయాక ఆ వైపు తిరిగే పని లేకుండా పోయింది, అయినా అలవాటుగా తల తిరుగుతుంది. సిగ్నల్ దగ్గర నా వెనకాల ఆగిన ఆటో డ్రైవర్ తల బయటపెట్టి, "ఏంది కాకా, దోమల పొగ కొట్టనీకి మున్సిపాలిటోళ్లు పంపిండ్రా?" అన్నాడు. ఆటోలో ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "ఫ్రీగనే కొడుతున్న" అన్నాను. "మాకొద్దు మీ ఫ్రీ, జర ముందుకు పో" అన్నాడు. పచ్చలైటు పడింది, పోయాను.

నేను వెళ్లిన స్పేర్ పార్టుల కొట్టు మెయిన్ రోడ్డు మీద కాదు, లోపలి గల్లీలో ఉంటుంది. పదింటికి తెరుస్తారు. యజమాని గుంటూరు వైపు మనిషి, ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్లయింది. ముందురోజు సాయంత్రమే కార్బురేటర్ విప్పి దాని జెట్ల కొలత చూసుకున్నాను. మళ్లీ ఆ కొట్టు ముందే విప్పి రెండూ ఆయన చేతిలో పెట్టాను. జెట్టు అంటే చిటికెనవేలి గోరంత ఇత్తడి మర, మధ్యలో సన్నని రంధ్రం. ఆ రంధ్రం ఎంత ఉంటే అంత పెట్రోలు గాలిలో కలుస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడూ నెమ్మదిగా పోతున్నప్పుడూ చిన్నదైన పైలట్ జెట్టు పని చేస్తుంది. వేగం అందుకున్నాక మెయిన్ జెట్టు. ఆయన మెయిన్ జెట్టును వెలుతురుకు అడ్డంగా పట్టి ఒక కన్ను మూశాడు.

"ఏవండీ, దీన్ని దేంతో శుభ్రం చేశారు?"

"పిన్నీసుతోని."

"అనుకున్నానండి. ఇత్తడి మెత్తన, పిన్నీసు ఇనుము. మీరు బొక్క శుభ్రం చేయలేదు, పెద్దది చేశారు."

"మరెట్ల చేయాలె?"

"పెట్రోల్లో నానబెట్టి గాలి కొట్టించడమేనండి. అయినా అందరూ పిన్నీసే పెడతారులెండి. పెట్టకపోతే మా కొట్టు ఎలా నడుస్తుందీ?"

ఒక్కో జెట్టు మీద చెక్కిన నంబరు చూసి అవే నంబర్లవి రెండు ఇచ్చాడు. రెండూ కలిపి నూట అరవై రూపాయలు. పెద్ద నంబరు వేస్తే బండి ఉరుకుతుందని కొందరు చెబుతారు, అట్లా వేయవద్దని తనే అన్నాడు. కంపెనీ వేసిన నంబరే వేసుకోవాలి. పక్కన ఇరానీ హోటల్లో చాయ్ తాగి మలక్‌పేట వైపు కాకుండా ఎల్బీనగర్ వైపు తిప్పుకున్నాను. ఆ హోటల్లో ఉస్మానియా బిస్కెట్లు కట్టించుకోవడం మా అలవాటు. కట్టించలేదు. ఒక్కడినే ఎన్ని తింటాను.

కొత్త జెట్లు కొట్టు ముందే నేనే వేసుకున్నాను. పనంతా పుస్తకాలు లేకుండా చూసి, చెడగొట్టి నేర్చుకున్నదే. కానీ ఆయిలు చెమర్చడం, నీలిపొగ రావడం జెట్టు సంగతి కాదు. అందుకే ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఎడమ గల్లీలో షెడ్డు పెట్టుకున్న జంగయ్య దగ్గరికి పోయాను. జంగయ్య పాత బండ్లు తప్ప ముట్టడు, మాట మాత్రం అందరినీ అంటాడు. జెట్ల బిగింపు చూసి, బండి లేపి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"జెట్లు ఓకే. పొగ మాత్రం పిస్టన్ రింగులది. రింగులు పోయినయి అన్నా, ఇంజన్ దించాలె. బుధవారం దాంక ఇడిసిపెట్టు."

"రేపు పొద్దుగాల సూర్యాపేట పోవాలె జంగయ్యా."

"బస్సులు బందు పెట్టిండ్రా?"

"నడుస్తున్నయి."

"మరి?"

అతను సీటు ఎత్తాడు. కిందికి చూసి అట్లనే నిలబడ్డాడు. "గిదేంది? బండికి సెలైన్ ఎక్కిస్తున్నవా?"

ఆ పైపు సంగతి చెప్పాలి. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా దాని కింద ఉన్న గాలిని తోస్తుంది. ఆ గాలి పోవడానికి ఇంజన్ కింది భాగానికి, అంటే క్రాంక్‌కేస్‌కు, ఒక పైపు ఉంటుంది. బ్రీదర్ పైపు అంటారు. గాలితో పాటు కొంచెం ఆయిలు తుంపర కూడా అందులోంచి వస్తుంది. మా బండికి అది ఎడమవైపు తెరుచుకుంటుంది. సుగుణ కాళ్లు వేలాడేసి కూర్చునేదీ ఎడమవైపే. కొత్తలో ప్రతి ప్రయాణానికీ చీర అంచు మీద నల్లని చుక్కలు పడేవి. ఆమె కుంకుడు రసంతో రుద్దేది, పోయేవి కావు, ఏమీ అనేది కాదు. నేను దవాఖాన దగ్గర కొత్త సెలైన్ పైపు కొని, బ్రీదర్‌కు అతికించి, సీటు కింద నుంచి పైకి లాగి అవతలి వైపు కట్టాను. చుక్కలు ఆగిపోయాయి. అప్పటి నుంచి పైపు అట్లనే ఉంది.

"అది తీయకు" అన్నాను.

"ఎందుకు?"

"మీ వదిన చీరెకు మరకలు పడ్తయి."

జంగయ్య వెనక సీటు మీద వేలితో గీత గీశాడు. దుమ్ములో గీత పడింది. "వదిన ఎప్పుడు కూసున్నదన్నా దీని మీద?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. వేలు గుడ్డకు తుడుచుకుని, "ఇది ఉంచుకొని కొత్త రింగులేసినా మళ్ల గట్లనే కారుతది. దానికి ఊపిరాడ్తలేదు" అన్నాడు.

తీయమన్నాను. వేడికి మెత్తబడి సీటు కింద నలిగిన పైపు లోపల పెరుగులాంటి తెల్లని జిడ్డు గడ్డకట్టి ఉంది. ఆయిల్లో నీటిచెమ్మ కలిస్తే అట్లా అవుతుందట. దూరం పోతే ఇంజన్ వేడికి ఆ చెమ్మ ఆరిపోతుంది. ఈ మధ్య నేను ఇంటి నుంచి నా దుకాణానికి, దుకాణం నుంచి ఇంటికి తప్ప ఎక్కడికీ పోలేదు. జంగయ్య జానెడు రబ్బరు పైపు తొడిగి, కొన ఏటవాలుగా కోసి, నేల వైపు దించాడు. కిక్కు కొట్టి, "చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. అరచేయి పెట్టాను. వెచ్చని గాలి తగులుతూ ఆగుతూ వచ్చింది. పావుగంట నడిపినా అతుకుల దగ్గర కొత్త చెమట పట్టలేదు, పొగ పలచబడింది. కూలి, పైపు, కొత్త ఆయిలు కలిపి తొమ్మిది వందలు. "రింగుల పని పోగొట్టినవు, నాకే లాసు" అని, తర్వాత నెమ్మదిగా, "బాటసింగారం దాంక ఒక్కతీరుగ పో. ఆడ బందు చేసి ప్లగ్గు ఇప్పి చూడు. చాయ్ రంగుంటే రేపు పో. నల్లగుంటే నా దగ్గరికి రా" అన్నాడు.

రెండు గంటలకు బయలుదేరాను. వనస్థలిపురం, హయత్‌నగర్ దాకా వాహనాలు తోసుకుంటూనే ఉంటాయి, ఓపిక కావాలి. పెద్ద అంబర్‌పేటలో ఔటర్ రింగ్ రోడ్డు దాటాక దారి విప్పుకుంటుంది. యాభైలో పెట్టి అట్లనే పోనిచ్చాను. ఇంజన్ మాట మారింది. చాలా రోజులుగా గొంతు నొక్కుకుని మాట్లాడినట్టుండేది, ఇప్పుడు తీరిగ్గా, లెక్కగా కొడుతోంది. అద్దంలో పొగ లేదు. వెనక బరువు లేకపోవడం మాత్రం ప్రతి గుంతకూ తెలుస్తోంది. ముప్పావు గంటలో బాటసింగారం చేరాను. పండ్ల మార్కెట్ ముందు నల్గొండ బత్తాయిల లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. చాయ్ బండి పక్కన బందు చేసి, వేడి దిగనిచ్చి ప్లగ్గు విప్పాను. పెట్రోలు సరిగ్గా మండితే దాని కొన చాయ్ రంగులో ఉంటుంది, ఎక్కువైతే నల్లబడుతుంది. చాయ్ అమ్మే ఆమె వంగి చూసింది.

"ఖరాబయిందా పెద్దన్నా?"

"లేదు, రంగు చూస్తున్న."

"గా ముక్కకు రంగేంది?" అని నా గ్లాసు తెచ్చి పక్కన పట్టింది. "అబ్బో, నా చాయ్ రంగే ఉన్నది. పాలు జర ఎక్కువైనయి." పది రూపాయల చాయ్. బాగుంది.

అక్కడి నుంచే సుగుణకు ఫోన్ చేశాను. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో నవ్వడం.

"బండి బాగైంది" అన్నాను.

"పొగ పోయిందా?"

"పోయింది. రేపు ఒస్తా. ఎక్కించుకొని ఒస్తా నిన్ను."

"రేపా? రేపు అరవై మందికి ఆర్డర్ పట్టిన."

"సడ్డకుని నడుము ఎట్లుంది?"

"ఆయన లేచి నెల దాటింది. పొద్దుగాల కూరగాయలు ఆయనే తెస్తుండు."

నాకు ఆ సంగతి తెలియదు. ఆమె చెప్పలేదు, నేనూ ఎప్పుడూ సూటిగా అడగలేదు.

"మరి?" అన్నాను.

ఆమె గిన్నెల దగ్గర నుంచి ఇవతలికి వచ్చినట్టుంది, చప్పుడు తగ్గింది. "మరి అంటే ఏం చెప్పాలె. నా చేతి పప్పుచారు కోసం లారీలు ఆపుతున్నరు. ఆడ నువ్వు దుకాణం పోయినంక పొద్దు గడిచేది కాదు. ఈడ పొద్దే సాలుత లేదు." గొంతు తగ్గించింది. "కోపమా?"

"లేదు."

"ఎప్పుడో ఒకనాడు ఒస్త. ఇప్పుడే అడగకు. నువ్వు రా, తిని పో. జల్ది రా, ఒంటిగంటకు పప్పుచారు అయిపోతది."

సరే అన్నాను. ప్లగ్గు బిగించి, బండిని ఎల్బీనగర్ వైపు తిప్పుకుని వచ్చేశాను.

సాయంత్రం తిరుగుదారిలో ఎండ ముఖం మీద పడుతుండగా ఆలోచించుకున్నాను. బండి బాగైతే మనిషి వెంట వస్తుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆపింది బండి కాదు. ఆమె గొంతులో ఆ హుషారు మా ఇంట్లో నేను ఎప్పుడూ వినలేదు. అది వినపడ్డందుకు సంతోషం కలిగింది, అది నా దగ్గర కాకపోయినందుకు దిగులూ కలిగింది. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాను, తేలుతుందని కూడా అనుకోను. రేపు ఉదయం ఆరున్నరకు బయలుదేరుతున్నాను. వెనక సీటు తుడిచాను.

పాత బండి మీద ఆ దారిన పోయేవారికి ఒక మాట: వేడెక్కిన ఇంజన్‌కు ఎటూ గంటకోసారి విశ్రాంతి ఇవ్వాలి కాబట్టి, చివరి ఆగుడు సూర్యాపేట దగ్గర భోజనం వేళకు పడేట్టు చూసుకోండి. ఊరు ఇంకా రాకముందే ఎడమ పక్కన రేకుల షెడ్డు, బయట నీలం డ్రమ్ము ఉంటాయి, బోర్డు లేదు. భోజనం ఎనభై రూపాయలు. పప్పుచారు కావాలంటే పన్నెండున్నర లోపు వెళ్లండి. ఆదివారాలు వరుస పొడుగ్గా ఉంటుందట, నేనూ అందులో ఉంటాను.