తియ్యటి కిటికీ

మేస్త్రి నలభై ఏళ్ళు ఇళ్ళకు రంగులు వేశాడు. పాత తలుపు ఎదురైతే ముందు గోటితో ఒక పెచ్చు లేపి నాలుక చివర పెట్టుకునేవాడు. పని నేర్పిన పెద్ద మేస్త్రి చూపించిన పరీక్ష అది. తియ్యగా ఉంటే సీసం కలిసిన రంగు, ఎండకూ వానకూ లొంగదు. చప్పగా ఉంటే నాసిరకం. వాళ్ళలో దాని పేరే తీపి రంగు.

సీసం ఒంటికి చేటని ఆ రంగు దుకాణాల్లో అమ్మడం మానేసిన ఏడాది ఆఖరి డబ్బా సంపాదించి తన ఇంటి ముందుగది కిటికీకి వేశాడు. భార్య పక్కనే నిలబడి, పచ్చలో ఇంకాస్త నీలం, ఇంకాస్త అంటూ ప్రాణం తీసింది. చివరికి "ఇప్పుడు కుదిరింది" అంది. ఆమె పోయి తొమ్మిదేళ్ళు. కిటికీ మీద మరో పూత పడనివ్వలేదు.

కూతురూ అల్లుడితో అదే ఇంట్లో ఉండే మూడేళ్ళ మనవరాలు చిన్న కుర్చీ వేసుకుని, కిటికీ చెక్క మీద గడ్డం ఆనించి, పొద్దంతా వీధికి కాపలా కాసేది. ఒకనాడు వెనక్కి తిరిగి చెప్పింది.

"తాతా, కిటికీ తియ్యగా ఉంది."

మేస్త్రి వంగి చూస్తే పెచ్చులు లేచిన చోట బుల్లి పళ్ళ గాట్లు. కడుపునొప్పి అని పిల్ల ఏడిస్తే అన్నం ఎగ్గొట్టే వేషాలనుకున్నారు ఇన్నాళ్ళూ. విషయం చెబితే పిల్లను తీసుకెళ్ళిపోతారని తెలుసు. కూతురు పని నుంచి రాగానే, చెప్పులు విప్పకముందే చెప్పేశాడు.

రక్త పరీక్షలో సీసం తేలింది. రంగు తీసేదాకా పిల్ల ఆ ఇంట్లో ఉండకూడదన్నాడు డాక్టరు. తాత కూడా పరీక్ష చేయించుకోవాలన్నాడు. తనకేం, గుండ్రాయిలా ఉన్నానన్నాడు మేస్త్రి. కూతురు ఒంటికాలి మీద లేచింది.

"ఊళ్ళో తలుపులన్నీ నాకి చూశావు కదా, మరి గ్లాసు పట్టుకుంటే చెయ్యెందుకు వణుకుతోంది నాన్నా?"

కూతురూ అల్లుడూ పిల్లను తీసుకుని అద్దె గదికి మారారు. చిన్న కుర్చీ మాత్రం కిటికీ కిందే ఉండిపోయింది.

పనికి ఇంకొకరిని పెడతానంది కూతురు. తను వేసిన రంగు మీద ఇంకొకడు చెయ్యి వేయడానికి వీల్లేదన్నాడు. డాక్టరు చెప్పినట్టు ముక్కుకూ మూతికీ మాస్కు కట్టి, నేల మీద ప్లాస్టిక్ పరిచి, నీళ్ళు చల్లి తడిమీదే గీకడం మొదలుపెట్టాడు. రెండో రోజు అలవాటు కొద్దీ చెయ్యి నీళ్ళు చల్లకుండానే గరుకు ఎమరీ కాగితం అందుకుంది. నాలుగు రుద్దులు రుద్దాక గాలిలో సీసం పొడి చూసి కాగితం పడేశాడు. ఆ పూటంతా గది మూలమూలా తడిగుడ్డతో తుడవడమే సరిపోయింది.

మూల దగ్గర అరచేయంత పెచ్చు ఒకటి ముక్కలు కాకుండా ఊడింది. ఎండ తగలని చోటు కాబట్టి రంగు నిన్న వేసినట్టే ఉంది. జేబు దాకా తీసుకెళ్ళాడు. మళ్ళీ వెనక్కి తెచ్చి, దాన్నీ మిగతా పెచ్చుల సంచిలో వేసి మూతి బిగించి కట్టాడు.

మూడు నెలలకు పిల్ల రక్తంలో సీసం తగ్గింది. ఆదివారం ముగ్గురూ వచ్చారు. ఎవరూ ఆపేలోపే పిల్ల కుర్చీ ఎక్కి రంగు పోయిన చెక్కకు నాలుక తగిలించింది.

"చప్పగా ఉంది తాతా" అంది, మోసపోయినట్టు మొహం పెట్టి.

కూతురు తడి టిష్యూతో చెక్కంతా తుడిచి, రంగు పొడి అంటిందేమోనని ఆ టిష్యూను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. వస్తూ తెచ్చి గుమ్మంలో వదిలిన బట్టల సంచి తీసుకెళ్ళి లోపలి గదిలో పెట్టింది.

మర్నాడు మేస్త్రి సీసం లేని రంగు తెచ్చి పచ్చలో నీలం కలుపుతూ కూర్చున్నాడు. ఎంత కలపాలో ఏనాడూ కొలిచి చూసుకోలేదు. భార్య నోట చాలనే మాట కోసం చూసేవాడు, అంతే. కర్ర తిప్పుతూ తిప్పుతూ ఆగి, అలవాటుగా పక్కకు చూశాడు. దూరంగా, తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్ల డబ్బా వంక తొంగి చూసింది.

"ఇంకా" అంది.