అవ్వ అడిగిన గరుడ

ఓడ దిగి నాలుగు రోజులైనా కాళ్ళ కింద నేల ఊగుతూనే ఉంది. మిట్ట మీది వకోవా ఊళ్ళో నాకిచ్చిన గదిలో మంచం ఊగేది, స్నానాల గదిలో చెంబు ఊగేది. ఉతికిన చొక్కా తీగ మీద ఎంతసేపు వేలాడినా ఆరేది కాదు. ఒకటే జల్లు, లేకపోతే పొగమంచు. కాకినాడ ఉక్కపోతలో పుట్టి పెరిగినవాణ్ణి, ఉష్ణమండలపు దీవిలో పక్షుల్ని చదవడానికి వచ్చి పగలు కూడా స్వెట్టరు వేసుకుని కూర్చున్నాను.

మారిషస్‌కి అప్పటికింకా స్వాతంత్ర్యం రాలేదు. వస్తుందా, వస్తే మనవాళ్ళ గతేమిటి అని మా ఇంటాయన వసారాలో రోజూ వాదనలు. ఆయన పక్క ఊరు క్యూర్‌పైప్‌లో ఒక ఆఫీసు గుమాస్తా. సాయంత్రాలు గుడిలో పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించేవారు. ఏడాది చదువుకి వచ్చిన కుర్రాణ్ణని తెలిసి, మారుమాట లేకుండా నాకు గది ఇచ్చారు. అంతటితో ఊరుకోకుండా ఊరంతా చూపించారు. నాకు ఊరిని కాదు, ఊరికి నన్ను.

నేను చూడాల్సింది వేరే ఉంది. టేర్ రూజ్ దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోట, బురద మీద, ఎక్కడో మంచు దేశాల నుంచి వచ్చిన పక్షులు నెలల తరబడి మేస్తాయి. ఏప్రిల్ దాటేలోగా తిరుగు ప్రయాణం కడతాయి. మా ఓడ ఆలస్యమై నేను దిగేసరికే ఏప్రిల్ ఆఖరుకొచ్చింది. పక్షులు వెళ్ళిపోతాయేమోనని నేను రోజులు లెక్కపెట్టుకుంటుంటే, వీళ్ళు నన్ను ఇంటింటికీ భోజనాలకి తిప్పారు. ప్రతి ఇంట్లో ఒక పద్యం చెప్పమనేవారు. పప్పు వడల్ని అక్కడ గాతోలంటారు. వద్దంటే ఇంకో రెండు వడ్డిస్తారు. ఒక ఇంట్లో కూర్చున్నచోటే కునికిపాట్లు పడితే, పాపం బడలికని తల కింద దిండు పెట్టారు. లేచాక మళ్ళీ వడలే పెట్టారు. నిజం చెప్పొద్దూ, అంత మంచివాళ్ళ మీద నాకు అంత విసుగొచ్చింది.

పోనీ ఇంటి చుట్టూ ఏదైనా కొత్త ప్రాణి కనిపిస్తుందా అంటే, సముద్రం దాటి వచ్చి కిటికీలోంచి మొట్టమొదట చూసిన పక్షి గోరింక. రెండోది పిగిలిపిట్ట. రెండింటినీ ఎవరో ఎప్పుడో మన దేశం నుంచే తెచ్చి వదిలారట. గోడ మీది బల్లి ఒక్కటే అచ్చంగా ఆ నేలది. చిలకపచ్చ ఒళ్ళు, వీపు మీద కుంకుమ చుక్కలు. దాన్ని చూసినప్పుడే కాస్త ప్రాణం లేచొచ్చేది.

ఇంటాయన తల్లికి ఎనభై దగ్గర పడుతున్నాయి. అందరూ అవ్వా అనేవారు, నేనూ అదే అన్నాను. ఇంట్లో మిగతావాళ్ళ మాటలన్నీ ఆ దీవి ఫ్రెంచి కలగలుపు భాష క్రియోల్‌లోనే, తెలుగు దండాలకీ భజనలకీ. అవ్వ దగ్గర మాత్రం వాళ్ళమ్మ చెరకు కూలికి వస్తూ విశాఖ వైపు నుంచి మోసుకొచ్చిన తెలుగు అలాగే ఉంది. మాట్లాడుకోవడానికే మనిషి లేడు. ఒకరోజు నేను బల్లిని చూస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

“పిట్టల సదువంట గదా నీది. నాకు గరుడని సూపించు బాబూ.”

“గరుడ ఎందుకవ్వా?”

“మాయమ్మ సెప్పీది. గరుడ కనపడితే గోవిందా అని లెంపలేసుకోవాలంట, పున్నెమంట. ఆ సామికి ఎన్ని సనివారాలు పస్తున్నానో నెక్క నేదు. ఆయన ఎక్కీ పిట్టని ఒక్కపాలీ సూడ్నేదు.”

“ఈ దీవిలో గరుడ లేదవ్వా. ఏ పుస్తకంలోనూ రాయలేదు.”

“నువ్వొచ్చి నాలుగు రోజులు. గాతోలు తిండానికే సరిపోనాది. నేదని నీకెలా తెలుసు?”

కాకినాడ రేవులో చేపల బుట్టల మీదికొచ్చే గరుడల్ని హుష్ అని తోలేవాళ్ళం. తెల్లటి మెడ, ఇటుకరంగు ఒళ్ళు, ఎక్కడ చూసినా అవే. నేనెప్పుడూ దండం పెట్టిన పాపాన పోలేదు. ఇక్కడ ఈవిడ జన్మంతా లెంపలు సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది.

ఆదివారం ఇంటాయనకి ఏదో మీటింగు. నేను ఒక్కణ్ణే బయల్దేరబోతే, అవ్వ గంజి పెట్టిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వద్దందామంటే, దారి అడగడానికి నాకు క్రియోల్ రాదు, బస్సుల సంగతి తెలియదు. చివరికి ఆవిడే నన్ను తీసుకెళ్ళింది. పోర్ట్ లూయిస్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకోటి. కిందికి దిగేకొద్దీ ఎండ కాసింది. అటూ ఇటూ చెరకు, పక్కన అవ్వ ఆగని మాటలు. నిద్రలోనే ఊకొట్టాను.

టేర్ రూజ్‌లో దిగి, నీళ్ళు వెనక్కి తీసిన ఒడ్డుకి నడిచాం. బురద ఖాళీగా ఉంది. గుంపులు గుంపులుగా వేసిన కాలి గుర్తులున్నాయి, పక్షులు లేవు. నాకు ఏడుపొచ్చింది. అంతదూరం వచ్చి, ఒళ్ళు హూనం చేసుకుని, చూసింది గుర్తులు.

అంతలో ఒడ్డు పొదల్లోంచి పెద్ద పక్షి ఒకటి రెక్కలు చాచి లేచింది. అవ్వ చేతులు రెండూ చెంపల దాకా వెళ్ళి ఆగాయి.

“ఇదేనా బాబూ?”

అవునంటే సరిపోయేది. ఆవిడ కోరిక తీరేది, ఇద్దరం ఇంటికి పోయేవాళ్ళం. కానీ నాకు అబద్ధమాడే ఓపిక కూడా మిగల్లేదు.

“కాదవ్వా. అది కొంగ. గరుడ ఇక్కడ లేదు, రాదు కూడా.”

అవ్వ చేతులు దించేసింది. ఒక రాయి చూసుకుని కూర్చుంది. నేను చెప్పులు విప్పి పక్కనే కూలబడ్డాను.

“మరి నీ పిట్టలేవి?” అంది.

“వెళ్ళిపోయాయి. నేనొచ్చేలోపే.”

“మరి అయ్యేటి?” అని వేలు చూపించింది.

నీటి అంచున నాలుగైదు ఉల్లంకి పిట్టలు, బురదలో బురదలా. నేను చూడనే లేదు.

“అవి కిందటేడు పుట్టిన పిల్లలవ్వా. అంతదూరం ఎగిరే సత్తువ ఇంకా రాలేదు. మిగతావి పోతే ఇవి ఉండిపోయాయి. వచ్చే ఏడు వెళ్తాయి.”

అవ్వ వాటికేసే చూస్తూ ఉంది.

“మాయమ్మా అలాగే అనీది. ఒచ్చే ఏడు ఎల్లిపోదాం, ఒచ్చే ఏడు ఎల్లిపోదాం అని. నేను పుట్టినాక అనీది, నాకు పిల్లలు పుట్టినాకా అనీది. సచ్చిపోయిన ఏడు కూడా అదే మాట.”

రాయి మీద చెయ్యి ఆన్చి లేచి నిలబడింది. ఆ పిట్టల వైపు తిరిగి, రెండు లెంపలూ వేసుకుని, గోవిందా అని గట్టిగా అంది. ఆ కేకకి అవి బెదిరి లేచాయి. సముద్రం మీదుగా కొంచెం దూరం పోయి, తిరిగొచ్చి అదే బురద మీద వాలాయి.