కుస్కోలో మా వారి గ్యాస్

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల చుట్టూ పొద్దున్నే నడిచే అమ్మానాన్నల గుంపు ఒకటుంది. ఆర్నెల్లకని పిల్లల దగ్గరికొచ్చి, కారు నడపడం రాక, ఆ పార్కింగ్ లాట్ల వెంబడే ప్రదక్షిణలు చేస్తుంటాం. "పెరూ వెళ్ళొచ్చారు కదా, రాసి గ్రూపులో పెట్టండి, మావాడూ తీసుకెళ్తానంటున్నాడు" అని వాళ్ళు ఒకటే పోరు. అందుకని రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నాను, నేను పుట్టు పిరికిదాన్ని. తెనాలిలో రైలు పట్టాలు దాటాలన్నా దండం పెట్టుకునేదాన్ని. కాబట్టి ఇందులో చూసిన వింతలకంటే పడ్డ భయమే ఎక్కువుంటుంది.

మా అమ్మాయి సింధు ఒక మందుల కంపెనీలో పనిచేస్తుంది. నెలరోజులు ఎక్కణ్ణుంచైనా పని చేసుకోవచ్చని ఆఫీసులో అన్నారట. బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని దక్షిణ అమెరికా తిరగాలని దానికి కాలేజీ రోజుల్నుంచీ కోరిక. "కుస్కోలో ఇల్లు బుక్ చేశాను. మిమ్మల్నిద్దర్నీ ఇక్కడ వదిలి వెళ్ళను, మీరూ రావాల్సిందే" అంది. మన పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంటే పెరూ వాళ్ళు రానిస్తారట. వెళ్ళేవాళ్ళు మళ్ళీ ఒకసారి కనుక్కోండి, రూల్స్ మారుతుంటాయి. ఆ కుస్కో మూడువేల నాలుగువందల మీటర్ల ఎత్తున ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కితేనే చెవులు దిబ్బడేసే మనిషిని నేను. మా వారికి మాత్రం హుషారు ఆగలేదు. కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారాయన. "స్తంభాలెక్కినవాణ్ణి, నాకు ఎత్తొక లెక్కా!" అన్నారు.

గుంపులో తలా ఒక సలహా ఇచ్చారు. మానససరోవరం వెళ్ళొచ్చిన ఒక పెద్దావిడ ముద్దకర్పూరం పొట్లం కట్టి చేతిలో పెట్టి, "ఊపిరాడకపోతే వాసన చూడండి వదినగారూ, ఇదే మమ్మల్ని కాపాడింది" అంది. సింధు డాక్టర్‌ని అడిగి ఎత్తుకి పనికొచ్చే మాత్రలు తెచ్చింది. ముందురోజు నుంచే వేసుకోవాలంది. మనిషికొక్క బ్యాగే అని షరతు పెట్టింది కూడా. నా బ్యాగులో బట్టలకంటే కందిపప్పు, వాము, కర్పూరం ఎక్కువ బరువు తూగాయి.

మధ్యాహ్నం మూడున్నరకి ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కి నెవార్క్ ఎయిర్‌పోర్ట్ చేరాం. లిమాకి రాత్రంతా విమానం, పొద్దున ఆరుకి దిగాం. అక్కడ మూడు గంటలు కూర్చుని, చిన్న విమానంలో గంటన్నరలోపే కుస్కో. పక్కసీట్లో ఆ ఊరావిడే, స్కూలు టీచరట. వచ్చీరాని ఇంగ్లీషులో, "మొదటిరోజు మెల్లగా నడవండి, తక్కువ తినండి, వేడినీళ్ళ స్నానం చేయొద్దు" అని చెప్పింది. ప్రయాణం చేసొచ్చి స్నానం చేయకుండా ఉండటం మా వారి చేత ఆ దేవుడు కూడా చేయించలేడు. ఇల్లు చేరిన పది నిమిషాలకి ఆయన గీజర్ వేసుకుని తలస్నానం చేశారు.

ఇల్లు గుట్టమీద. రాళ్ళు పరిచిన సందులు, మెట్లు. రెండు గదులు, వంటగది. కింద ఇంటావిడ రోసా గారు ఉంటారు. ఎర్రపెంకుల ఊరంతా కిటికీలోంచి కనబడుతుంది. చూడచక్కని ఊరే, కాదనను. కానీ నాలుగడుగులేస్తే గుండె గొంతులో కొట్టుకుంటుంది. మంచం మీద పక్కకి తిరిగినా ఆయాసమే. రోసా గారు రోజూ కోకా ఆకుల టీ ఇచ్చేది, గడ్డివాసన, కానీ తలనొప్పి కాస్త దిగేది. ఆ ఆకు అమెరికాకి మాత్రం తేకూడదు, పట్టుకుంటారు. ఇంకో సంగతి, అక్కడ కందిపప్పు కుక్కర్ లేకుండా చచ్చినా ఉడకదు. మొదటిరోజు రెండుగంటలు పొయ్యి మీద పెట్టి, పలుకులు పలుకులుగానే చారులో కలిపేశాను.

మూడోరోజుకి నాకు, సింధుకి ఒళ్ళు తేలికపడింది. అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా లాప్‌టాప్ ముందు కూర్చునేది. మేమిద్దరం మెల్లగా మార్కెట్ దాకా వెళ్ళి రంగురంగుల బంగాళాదుంపలు తెచ్చుకునేవాళ్ళం. ఆ మార్కెట్ నుంచి తిరిగొస్తుంటే చూశాను, మా వారు ప్రతి మలుపులోనూ ఆగుతున్నారు. ఆగి, ఏదో గోడను పరీక్షిస్తున్నట్టు చెయ్యి ఆనిస్తున్నారు.

"ఏమండీ, ఆయాసమా?"

"ఆయాసమేంటి, ఈ రాళ్ళెలా పేర్చారో చూస్తున్నా."

ఆ సాయంత్రం బాత్‌రూమ్‌లో కుళాయి వదిలి దగ్గుతుంటే విన్నాను. బయటికొచ్చి గుండె రుద్దుకుంటూ, "గ్యాస్. ఆ ఉడకని పప్పు తిన్నందుకు" అన్నారు. వాము ఇచ్చాను. కర్పూరం వాసన చూపించాను. "ఆహా, ఊపిరి తెరుచుకుంది" అన్నారు. నాకూ ధైర్యమొచ్చింది. మన ఇళ్ళల్లో అంతే కదా, మెడ కిందనుంచి బొడ్డు దాకా ఎక్కడ నొప్పెట్టినా దాని పేరు గ్యాసే.

మర్నాడు పక్క సర్దుతుంటే దిండు కింద మాత్రల పట్టీ దొరికింది. ఒక్కటీ వేసుకోలేదు మహానుభావుడు!

"అవి వేసుకుంటే గంటకోసారి బాత్‌రూమ్‌కి పోవాలి. కొత్త ఊళ్ళో బస్సుల్లో ఎక్కడ చచ్చేది?" అన్నారు. మళ్ళీ గొంతు తగ్గించి, "అమ్మాయికి చెప్పకు. పాపం ఎన్నాళ్ళనుంచో అనుకున్న ట్రిప్. మన వల్ల పాడైందంటే బావుండదు. నా మీద ఒట్టు" అన్నారు.

ఒట్టు పెట్టేశాక ఇంకేం చేస్తాను? నోరు కట్టేసుకున్నాను. ఆ రోజంతా ఆయన ఊపిరే వింటూ గడిపాను. కూరలు తరుగుతూ విన్నాను, బట్టలు ఆరేస్తూ విన్నాను. లోపల ఎక్కడో నీళ్ళు మరుగుతున్నట్టు సన్నటి చప్పుడు. నా చెవి చాదస్తమేమో అనుకున్నాను. కాదని తెలుస్తూనే ఉంది. శనివారం బస్సు గుర్తొస్తే ఇంకా భయమేసింది. సింధు ముగ్గురికీ టికెట్లు కొంది. రంగుచారల కొండట, ఐదువేల మీటర్లు దాటి ఉంటుందట. ఉన్న ఎత్తు చాలక ఇంకా పైకి!

ఆ సాయంత్రమే, శుక్రవారం, సింధు దగ్గర మెల్లగా కదిపాను. "రేపు మానేద్దామే, నాకు మోకాలు నొప్పిగా ఉంది" అన్నాను.

"అమ్మా, టికెట్ కాన్సిల్ అవ్వదు. నువ్వు బస్సులోనే కూర్చో, నడవక్కర్లేదు" అంది. తర్వాత తండ్రివైపు చూసి, "నాన్నా, నువ్వు ఓకేనా? ముఖం డల్‌గా ఉంది."

"ఫస్ట్ క్లాస్" అన్నారాయన.

శనివారం ఆరింటికి బస్సు వచ్చింది. ఇరవైమంది పట్టే చిన్న బస్సు. వెళ్ళేముందు ఆయన వంగి బూటు తాడు కట్టుకోలేకపోయారు. రెండుసార్లు వంగి, రెండుసార్లూ లేచి కూర్చుని, "గ్యాస్" అన్నారు. నేనే కట్టాను. సింధు అప్పటికే బయట గైడ్‌తో మాట్లాడుతోంది. ఆయన నా తలమీద చెయ్యేసి నొక్కారు, చెప్పకని.

రెండుగంటలు లోయలో బాగానే పోయింది. ఒక పల్లెలో బ్రెడ్డు, గుడ్డు, టీ పెట్టారు. ఆయన ముట్టలేదు. అక్కణ్ణుంచి మట్టిరోడ్డు, ఎక్కుడు. ఒక పక్క కొండ, ఒక పక్క ఏమీ లేదు. చక్రం అంచుమీద పోతుంటే మామూలుగా అయితే నేను కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా చదివేదాన్ని. ఆ రోజు లోయ వైపు చూడనే లేదు. ఆయన పెదాలవైపే చూస్తున్నాను. నేరేడుపండు తిన్నట్టు నల్లబడుతున్నాయి. వెనక సీట్లో చిలీ నుంచి వచ్చిన కుర్రది సింధుకి చాక్లెట్ ఇచ్చి, "మీ నాన్న నిద్రపోతున్నారా?" అని అడిగింది. "హి ఈజ్ టయర్డ్" అంది సింధు, కిటికీలోంచి ఫొటో తీసుకుంటూ.

ఒక మలుపు తిరిగింది. బస్సు గేరు మార్చుకుని ఇంకా పైకి లేచింది. ఇంకో మలుపు. ఆయన కర్పూరం పొట్లం ముక్కుదగ్గర పెట్టుకున్నారు. చెయ్యి జారి పొట్లం ఒళ్ళో పడిపోయింది. "ఏమండీ" అన్నాను. కళ్ళు తెరిచారు, నావైపు కాదు, ఎటో చూశారు. "ఫ్యూజ్ పోయినట్టుంది, చూడమను" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒట్టూ లేదు గట్టూ లేదు. లేచి నిలబడి, "ఆపు బాబూ ఆపు! మనిషి పోతున్నాడు, ఆపు!" అని తెలుగులో అరిచాను. ఆ అరుపు నాదేనా అనిపించింది. డ్రైవర్‌కి తెలుగు రాదు. అయినా బ్రేకు వేశాడు.

సింధు పరిగెత్తుకొచ్చింది. "ఏమైందమ్మా?"

"మీ నాన్న మాత్రలు ఒక్కటి కూడా వేసుకోలేదే. రెండు రోజుల్నుంచి దగ్గు. గ్యాస్ కాదే, గ్యాస్ కాదు!"

గైడ్ ఆయన వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూసి, నంబరు మాకు చెప్పలేదు. డ్రైవర్‌తో ఒక్క మాటన్నాడు. బస్సు అక్కడే, ఆ ఇరుకు రోడ్డులో, వెనక్కీ ముందుకీ ఆడించుకుంటూ తిప్పారు. వెనక చక్రం ఎక్కడుందో నేను చూడలేదు. బస్సులో ఉంచిన ఆక్సిజన్ సిలిండర్ మాస్క్ ఆయన ముఖానికి పట్టుకుని కూర్చున్నాను. కొండ చూడటానికొచ్చిన ఇరవైమందీ కొండ చూడకుండానే దిగారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. చిలీ పిల్ల దారిపొడవునా సింధు చెయ్యి వదల్లేదు. సింధు మాత్రం నావైపు చూడలేదు. ఆ రెండున్నర గంటలు నాకు ఎలా గడిచాయో పగవాళ్ళకి కూడా వద్దు. ఈ మనిషి ఈ కొండల్లోనే ఉండిపోతాడు, నేనొక్కదాన్నే ఆ బ్యాగు మోసుకుని వెనక్కి పోతాను, అదే బుర్రలో తిరిగింది.

కుస్కో క్లినిక్‌లో డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. ఎత్తువల్ల వస్తుందట, ఇంకొంచెం పైకి పోయుంటే కష్టమయ్యేదట. మందులు, ఆక్సిజన్, అన్నిటికంటే ముఖ్యంగా కిందికి దింపాలి అంది. సాయంత్రానికి తెలివొచ్చి, మాస్క్ కాస్త పక్కకి లాగి ఆయనన్న మొదటి మాట, "గ్యాసేనా?"

అంతే, సింధు బద్దలైపోయింది. "గ్యాస్ అంట గ్యాస్! నన్ను అడిగితే ఏం పోయేది నాన్నా? నా ట్రిప్ పాడవుతుందనా? నువ్వు లేకపోతే నాకెందుకీ ట్రిప్! నువ్వైనా చెప్పొద్దా అమ్మా? నేను పక్క గదిలోనే ఉన్నా కదా!" నర్సు వచ్చి నోటిమీద వేలుపెట్టి చూపించింది. ఆయన కళ్ళెంబడి నీళ్ళు కారి మాస్క్ పట్టీ తడిసింది. నేను కొంగుతో ఆ పట్టీ తుడిచాను.

మర్నాడు మధ్యాహ్నం ఆక్సిజన్‌తోనే లిమాకి తెచ్చాం. సముద్రం పక్కన దిగాక గంట గంటకీ పెదాల రంగు మారడం కళ్ళారా చూశాను. రెండోరోజు పెరుగన్నం అడిగారు. పెరుగు దొరికింది, ఆవగింజలు దొరకలేదు. అలాగే కలిపిపెట్టాను. డాక్టర్ సరే అనేదాకా వారంరోజులున్నాం. సింధు ఆఫీసు పని హోటల్ గదిలో చేసుకుంది. నెలరోజుల కుస్కో కాపురం అలా ఐదురోజుల్లోనే ముగిసింది. రోసా గారు మిగిలిన సామాను పార్సిల్‌గా పంపింది, నా కందిపప్పుతో సహా.

నెవార్క్‌లో ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్, "పెరూ ఎలా ఉంది?" అని అడిగాడు. మళ్ళీ అమెరికాలోకి రానిస్తారో లేదో అని బయల్దేరేముందు నిద్రపోనిదాన్ని, ఆ నిమిషంలో ఆ భయమే గుర్తు రాలేదు. ముద్ర వేసి పంపించాడు.

గ్రూపులోవాళ్ళు అడిగారు కదా, వెళ్ళొచ్చా అని. వెళ్ళండి. ఊరు బంగారం, మనుషులు ఇంకా బంగారం. మాత్రలు వేసుకోండి, బాత్‌రూమ్ సంగతి దేవుడు చూసుకుంటాడు. కర్పూరం తిరిగి ఇచ్చేస్తాను వదినగారూ, దేవుడి దగ్గర వెలిగించండి. దగ్గొస్తే మాత్రం పిల్లల ఎదురుగానే దగ్గండి.

నెవార్క్‌లో దిగిన రోజే ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో సాయంత్రం ఐదున్నరకి రైలు దిగాం. బయట మా బస్సు సిద్ధంగా ఉంది, అది పోతే మళ్ళీ గంట. సింధు మూడు బ్యాగులూ తనే వేసుకుని ముందు మెట్లెక్కుతోంది. మా వారు సగం మెట్లలో ఆగి గోడకి చెయ్యి ఆనించారు. ఇప్పుడు ఈ గోడ రాళ్ళు కూడా మెచ్చుకుంటారు కాబోలనుకున్నాను.

"ఆయాసంగా ఉందే. కాసేపు కూర్చుందాం" అన్నారు.

నలభై ఏళ్ళ కాపురంలో ఆ నోట ఆ మాట నేను వినలేదు. మెట్టుమీదే కూర్చున్నాం. సింధు వెనక్కి దిగొచ్చి, బ్యాగులు దించి, ఆయన వేలు అందుకుని కొత్తగా కొన్న క్లిప్పు పెట్టింది. నంబరు మా ఇద్దరికీ చూపించింది, బాగానే ఉంది. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని పైకి పోతున్నారు. పైన బస్సు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

"నువ్వెలా ఉన్నావమ్మా?" అంది సింధు. ఆ క్లినిక్‌లో అరిచిన తర్వాత అది నన్నడిగిన మొదటి మాట.

"బాగానే..." అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"భయంగా ఉందే" అన్నాను. "ఇంకా భయంగానే ఉంది."

అది నా పక్కన మెట్టుమీద కూలబడి, నా చెయ్యి తీసుకుని, ఆ క్లిప్పు నా వేలికి కూడా పెట్టింది.